అన్నం వండిన పొయ్యి బూడిద

అన్నమ్మ మట్టి తింటుందని ఎవరైనా చెబితే నమ్మకండి. భోగాపురం సంతలో చెప్పినా నమ్మకండి. ఆటోలో పక్కన కూర్చున్నవాళ్ళు పిల్లల మీద ఒట్టేసి చెప్పినా నమ్మకండి. అన్నమ్మ మట్టి తినదు. రుచి చూస్తుంది. చూపుడు వేలికి చిటికెడు మట్టి అద్దుకుని, నాలిక చివర పెట్టుకుని, కళ్ళు మూసుకుని, పులుసులో ఉప్పు సరిపోయిందో లేదో చూసే మనిషిలా రెండుసార్లు చప్పరించి, పక్కకి తిరిగి ఉమ్మేస్తుంది. తినడానికీ రుచి చూడడానికీ పెళ్ళిలో వంటమనిషికీ మగపెళ్ళివారికీ ఉన్నంత తేడా ఉంది.

ఆవిడ మట్టి మింగింది జన్మకి ఒక్కసారి. దాన్ని పట్టుకుని జనం ఇంత చేశారు. అది ఎప్పుడు, ఎందుకు మింగిందో తెలిస్తే మీరూ ఊరుకుంటారు.

భోగాపురం దాటి సముద్రం వైపు వెళ్ళే దారిలో ఉంది వాళ్ళ ఊరు. చర్చి ఉన్నది మిషను వీధి, వలలు ఆరేసేది పల్లె వీధి, రెండింటికీ మధ్య ఒక కుళాయి. అన్నమ్మ మిషను ఆస్పత్రిలో ముప్పై ఏళ్ళు ఆయాగా చేసి రిటైరై మిషను వీధిలో ఉంటోంది. పెళ్ళి చేసుకోలేదు. కళ్ళజోడుకి ఒక కాడ ఉండదు, ఆ పక్కన నల్లదారం. చేతిలో ఎప్పుడూ ఆస్పత్రి నుంచి తెచ్చుకున్న ఖాళీ సెలైను సీసా, అందులో గోధుమరంగు నీళ్ళు. అందులో ఏముందో ఎవరూ అడగలేదు. అడగాలంటే దగ్గరికి వెళ్ళాలి. ఆ మూత తీస్తే గుమ్మంలో పడుకున్న కుక్క కూడా లేచి వీధి మారేది.

ఆ ఊళ్ళో మిరపమొక్క లేని ఇల్లు లేదు. పగిలిన బకెట్లో ఒకళ్ళకి, నూనె డబ్బాలో ఒకళ్ళకి, వాడేసిన హెల్మెట్టులో ఒకళ్ళకి. అన్నమ్మ ఎవరింటికి వెళ్ళినా ముందు మనుషుల్ని పలకరించదు. తిన్నగా మొక్క దగ్గరికి వెళ్ళి, ఆకు తిరగేసి, మట్టి నాలిక్కి రాసుకుంటుంది. జగన్నాధంగారి తల్లి పోయినప్పుడు పరామర్శకి వెళ్ళింది. ఇంటినిండా జనం. జగన్నాధం ఎదురొచ్చి భోరుమన్నాడు.

"అమ్మ ఎల్లిపోనాది అప్పా!"

"తెలుసు నాయినా." అన్నమ్మ అప్పటికే మెట్ల పక్కన కూర్చుని ఉమ్మేసింది. "ఇది కూడా ఎల్లిపోతాది. నాలుగురోజులు నీళ్ళాపండి, ఏర్లు కుళ్ళిపోతన్నాయి."

జగన్నాధం ఏడుస్తూనే లోపలికి తిరిగి, "ఒరే, ఎవుర్రా మొక్కకి అన్నన్ని నీళ్ళు పోసేది!" అని కేకేశాడు. ఆ మొక్క బతికింది.

ఆ నాలికంటే ఊళ్ళో భయం కూడా ఉండేది. దానికి టైలరు స్టాన్లీ పెళ్ళాం బేబీ సాక్షి. ఒక ఏడాది ఉపవాస ప్రార్థనల రోజుల్లో వాళ్ళ మిరపమొక్క ఆకుల అంచులు కాలినట్టు ఎండిపోయాయి. తెగులేమో చూడమని బేబీ అన్నమ్మని పిలిచింది. అప్పుడే ప్రార్థన ముగించుకుని పాస్టరమ్మగారు కూడా అరుగు మీద ఉన్నారు. అన్నమ్మ మట్టి నోట్లో పెట్టుకుంది. మొహం చిట్లించింది. ఉమ్మింది.

"ఒలే బేబీ, ఎండుసేపలు కడిగిన నీళ్ళు పోస్తన్నావా?"

"అబ్బే, మేం ఉపవాసాల్లో ఉన్నాం కదప్పా!"

"మట్టి ఉప్పుకషాయంలాగున్నాది. ఒక్కపూట నీళ్ళు కావివి. రెండువారాల నీళ్ళు. సావిడాయ సేపలు కూడా ఉన్నాయి."

పాస్టరమ్మగారు ఆకాశం వైపు చూశారు. బేబీ నేల వైపు చూసింది. అన్నమ్మ మాత్రం మొక్క వైపే చూస్తూ, "కింద సిల్లు పెట్టి నాలుగు బిందెల మంచినీళ్ళు పోసీ, ఉప్పు దిగిపోతాది" అని సెలైను సీసా తీసుకుని వెళ్ళిపోయింది. మొక్క వారంలో తేరుకుంది. బేబీకి ఆ పై ఆదివారం దాకా పట్టింది.

ఇలాంటి ఊరికి రెండువేల పదిహేను మే నెలలో కొత్తకోడలుగా వచ్చింది ప్రిస్కిల్లా. పుట్టిల్లు శృంగవరపుకోట. మొగుడు శాంతికుమార్ హైస్కూల్లో లెక్కల మాస్టారు. వాళ్ళమ్మ కొంగుకి కట్టిచ్చిన మిరపగింజల్ని ప్రిస్కిల్లా పెద్ద పెయింటు బకెట్లో వేసింది. పదకొండు మొలిస్తే పదింటిని కోళ్ళు తిన్నాయి. మిగిలిన ఒక్కటీ ఆగస్టు నాటికి మోకాలెత్తు పెరిగి తెల్లగా పూత పట్టింది. పెళ్ళయ్యాక తన చేత్తో చేసినవాటిలో మాడకుండా వచ్చింది అదొక్కటే కాబట్టి ఆ పిల్లకి సంతోషం పట్టలేదు.

సంతోషం ఎక్కువైతే ఇంట్లో పాట పాడుకోవాలి. ప్రిస్కిల్లా స్త్రీల సమాజంలో లేచి నిలబడింది.

"నా సాక్ష్యం ఏంటంటే, నవంబరులో కోతపండక్కి నా చెట్టుకి కాసిన మిరపకాయలు చేటనిండా తెచ్చి దేవునికి అర్పిస్తాను!"

అందరూ స్తోత్రం అన్నారు. దోసెడు అందామనుకునే లేచింది పాపం. అంతమంది తనవైపు చూసేసరికి దోసెడు చేట అయిపోయింది. కాయ కాశాక సాక్ష్యం చెబుతారు గానీ పూతకే చెప్పేస్తే ఎలా? బేబీకి ఇలాంటివి బాగా గుర్తుంటాయి. కుళాయి దగ్గర కనబడినప్పుడల్లా, "సేట కొన్నావేటే?" అని అడిగేది.

సెప్టెంబరు వచ్చేసరికి మొక్క కింది ఆకులు పసుపు తిరిగాయి. ముందు రెండు, తరవాత ఆరు. పూత రాలిపోవడం మొదలెట్టింది. ప్రిస్కిల్లాకి అన్నం సయించలేదు. వచ్చి నాలుగు నెలలు కాలేదు, దేవుని మందిరంలో అబద్ధమాడిన కోడలు అనిపించుకోవాలా?

శాంతికుమార్ కొత్తగా కొన్న ఫోను తీశాడు. గంటసేపు వేలితో తోసి తోసి చూశాడు.

"నత్రజని లోపం కావచ్చు. లేదా మెగ్నీషియం. లేదా ఇనుము. లేదా గంధకం. లేదా నీళ్ళెక్కువ. లేదా నీళ్ళు తక్కువ."

"అంటే?"

"అంటే ఆరింటిలో ఒకటి." కాగితం మీద లెక్క కూడా వేశాడు. "ఒక్కోదానికీ పదహారు శాతం అవకాశం."

"మిగతా నాలుగు శాతం?"

"అది నీ చెయ్యి."

ఆ రాత్రి శాంతికుమార్‌కి చారులో ఉప్పు పడలేదు.

మర్నాడు పొద్దున్నే గేటు తీసిన చప్పుడైంది. ఎవరూ పిలవలేదు. అన్నమ్మ లోపలికొచ్చి బకెట్టు ముందు గొంతుక్కూచుంది. ప్రిస్కిల్లా వందనాలు చెబితే తల కూడా ఎత్తలేదు. వేలు మట్టిలో ముంచి నాలిక్కి రాసుకుని చప్పరించింది.

"సప్పగున్నాది."

"మట్టి చప్పగా కాక ఎలా ఉంటాదత్తా?"

"ఇది ఒట్టి ఇసక. ఇందులో ఏటున్నాదని తింటాది?" అన్నమ్మ ఆకులు పట్టుకుని చూపించింది. "పాతాకులు పసుపు, కొత్తాకులు పచ్చన. సూసేవా? కొత్తాకులు పాలిపోతే అదొక జబ్బు. పాతాకులు పాలిపోతే ఇంకొకటి. పాతాకుల్లో ఈనెలు పచ్చగుండి మధ్యన పాలిపోతే మరొకటి. ఇది మొత్తం పాలిపోనాది. అంటే ఏటి? కిందున్న పెద్దాకులు తమ నోట్లోది తీసి పైనున్న పిల్లాకులకి పెడతన్నాయి. ఇంట్లో గింజలు లేనప్పుడు పెద్దోళ్ళు సేసే పనే."

ఆరింటిలో అయిదు కొట్టేసి ఒకటి మిగిల్చింది. ఫోనుకి గంట పట్టింది, ఆవిడకి రెండు చప్పరింపులు పట్టాయి. వెనకాల నిలబడ్డ శాంతికుమార్ ఫోను జేబులో పెట్టేసుకున్నాడు.

"మందేటత్తా?" అంది ప్రిస్కిల్లా.

"బూడిద."

"బూడిదా?"

"ఉత్త బూడిద కాదు. సరుగుడు కర్రల బూడిద. పల్లెవీధిలో అసిరమ్మ పొయ్యిలోది. ఊరందరికీ గ్యాసు వచ్చీసినాది, కర్రలపొయ్యి ఉన్నది దాని ఒక్కర్తికే. రోజు మార్చి రోజు ఎల్లి డబ్బాడు తే."

"సరే."

"ఆగు. టీ కాసిన పొయ్యి బూడిద పనికిరాదు. అన్నం వండిన పొయ్యి బూడిద కావాల. గంజి పొంగాల. ఏటి వండేవని అడిగి, అన్నం వండేనంటేనే తే. లేకపోతే వండీదాకా అక్కడే కూకో."

ప్రిస్కిల్లా మొగుడి వైపు చూసింది. మొగుడు ఆకాశం వైపు చూశాడు. బూడిదకి అన్నంతో ఏం పని అని అడగబోయిందిగానీ, ఈలోగా సెలైను సీసా మూత తెరుచుకుంది. ప్రిస్కిల్లా ముక్కు మూసుకుంది. అన్నమ్మ ఆ కంపు నీళ్ళు మొక్క మొదట్లో కొంచెం పోసి, "ఇది లెక్కలోది కాదు. మందు బూడిదే. తెచ్చింది నువ్వు ఎయ్యకు, నాకియ్యి. కొలత నాకే తెలుసు" అంది.

అసిరమ్మ ఇల్లు పల్లెవీధి చివర. ఒకప్పుడు చేపల గంప నెత్తిన పెట్టుకుని ఆవిడ వస్తుంటే, కేక ముందొచ్చి మనిషి వెనకొచ్చేదని చెప్పుకునేవారు. ప్రిస్కిల్లా వెళ్ళేసరికి గడపలో కూర్చుని ఉంది. పక్కన టీ గ్లాసు, బన్ను రొట్టె కాగితం.

"బూడిద కావాలి పిన్నీ, మిరపమొక్కకి. అన్నమ్మత్త పంపింది."

"నువ్వు కూడానా?" అసిరమ్మ నిట్టూర్చింది. "ఉన్నాది, తీసుకుపో."

"అదీ… ఏం వండేవు పిన్నీ ఇయ్యాల?"

"టీ కాసేను."

"టీ బూడిద పనికిరాదంట."

అసిరమ్మ కాసేపు ఆ పిల్లని చూసింది. పిల్ల డబ్బా పట్టుకుని కదలకుండా నిలబడింది. కోతపండగ ఇంక రెండు నెలలుంది, కదలదు. "ఓలమ్మో, ఇదేటి పీకులాట!" అని విసుక్కుంటూ అసిరమ్మ లేచి పొయ్యిలో రెండు కర్రలు తోసింది. గిద్దెడు బియ్యం కడిగింది. గంజి పొంగేదాకా ప్రిస్కిల్లా అక్కడే కూర్చుంది. ఊరికే కూర్చోలేక శృంగవరపుకోట కబుర్లు చెప్పింది. బూడిద చల్లారేదాకా ఉండాలి కదా, అంతసేపూ చెప్పింది. అసిరమ్మ వింటూ వింటూ, ఎదురుగా అన్నం ఉంది కాబట్టి నాలుగు ముద్దలు తినేసింది.

అలా మొదలైంది. వారం తిరిగేసరికి అన్నమ్మ మందు మార్చింది. మళ్ళీ మట్టి చప్పరించి, ఉమ్మి, "ఈసారి పప్పు వండిన పొయ్యి బూడిద కావాల" అంది.

"పప్పు బూడిదకీ అన్నం బూడిదకీ తేడా ఏముంటాదత్తా?"

"నీ నాలిక్కి తెలీదు. కందిపప్పు అని సెప్పు."

ఆ పై వారం పూత నిలబడాలంటే చేపలపులుసు కాచిన పొయ్యి బూడిద. పిందె దిగాక వంకాయ కూర బూడిద. ప్రిస్కిల్లా వెళ్ళడం, "ఏటి వండేవు పిన్నీ?" అనడం, అసిరమ్మ తిట్టుకుంటూ పొయ్యి ముట్టించడం. ఒకరోజైతే పులుసు కాస్తూ అసిరమ్మే అడిగింది: "సింతపండు ఎక్కువేస్తే మీ మొక్కకి పులుపెక్కదు కదా?" ఇద్దరూ ఒకేసారి నవ్వారు. బయట వల బాగుచేసుకుంటున్న దాలయ్య అనే ముసలాయన తల తిప్పి చూశాడు. ఆ ఇంట్లోంచి నవ్వు వినపడి ఏడాది కావస్తోంది. ఆ సంగతి ప్రిస్కిల్లాకి తెలీదు.

అక్టోబరు ఆఖరికి మొక్క ముదురాకుపచ్చ తిరిగింది. శాంతికుమార్‌కి అది నచ్చలేదు. లెక్క సరైనప్పుడు మెట్లు కూడా సరిగ్గా ఉండాలి కదా. మళ్ళీ ఫోను తోశాడు.

"ప్రిస్కీ, ఇటు చూడు. నీ మొక్కకి తక్కువైంది నత్రజని. కర్రబూడిదలో పొటాషుంటుంది, సున్నం ఉంటుంది. నత్రజని ఉండదు."

"ఉండదా?"

"కాలినప్పుడే పోతుంది. పప్పు వండినా పాయసం వండినా ఉండదు."

ప్రిస్కిల్లా వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంది. ఇరవై రెండుసార్లు తిరిగింది పల్లెవీధికి. చెప్పులేసుకుని తిన్నగా అన్నమ్మ ఇంటికి వెళ్ళింది. అన్నమ్మ పెరట్లో కూర్చుని గిన్నెలు తోముతోంది. దేంతో? బూడిదతో.

"అత్తా! అది నా మొక్క మందు!"

"అవును. కొలత మిగిలిపోనాది. నా గిన్నెలు సూడు, ఎలగ మెరుస్తన్నాయో."

"బూడిదలో నత్రజని లేదంట కదా?"

"లేదు."

"నీకు ముందే తెలుసా?"

"ఎందుకు తెల్దు? ఆకు బలం ఈ సీసాలోది. తెలకపిండి నానబెట్టిన నీళ్ళు. మట్టి సూడ్డానికొచ్చినప్పుడల్లా నాను పోసింది అదే."

"మరి మందు బూడిదని చెప్పి నన్నెందుకు తిప్పేవు?"

"మందు బూడిదే అన్నాను. నీ మొక్కకి అన్నానా?"

అన్నమ్మ చేతులు కడుక్కుని, పీట వాల్చి కూర్చోమంది.

"అసిరి మొగుడు నూకయ్య. పోయినేడు తుపాన్లో పడవ పోనాది, రెండు నెలలకి గుండాగి ఆడూ పోనాడు. అది ఏడవనేదు. పొయ్యి ఆర్పీసినాది. టీకొట్టు టీ, బన్నురొట్టె. మూడు నెలలు అంతే. ఆస్పత్రిలో ముప్పై ఏళ్ళు సూసేను పిల్లా, ఏడిసేవోళ్ళు తేరుకుంటారు. పొయ్యి ఆర్పీసినోళ్ళే తేరుకోరు. నాను అన్నం అట్టుకెల్తే కోళ్ళకి ఏసీసినాది. కూర అట్టుకెల్తే తినేనని సెప్పి దాలయ్యకి ఇచ్చీసినాది. తినవే అంటే తినదు. ఏటి సెయ్యాల?"

"ఏం చేశావు?"

"దానికో గుణం ఉన్నాది. గుమ్మంలోకొచ్చి ఏదడిగినా లేదనదు. బూడిదడిగితే లేదంటాదా? బూడిద కావాలంటే పొయ్యి ముట్టించాల. ముట్టించిన పొయ్యి మీద ఏదో ఒకటి పెట్టాల. వండింది పారబోసే మనిషి కాదు. అంతే."

ప్రిస్కిల్లాకి ఒక్కొక్కటీ వెలుగుతోంది. "టీ బూడిద పనికిరాదని…"

"ఎవురూ పేచీ పెట్టకపోతే మళ్ళీ టీలోకే దిగిపోతాది. టీ నీళ్ళతో మనిషి బతుకుతాదా?"

"పప్పు బూడిద?"

"అప్పటికి వారం బట్టీ అన్నంలోకి ఉప్పూమిరపకాయే. సూడ్డానికి ఎల్లేను, గోళ్ళు పాలిపోయున్నాయి."

"అయితే ఈ తిరుగుడు నేనొక్కదాన్నేనా?"

"పన్నెండిళ్ళు. ఎండల్లోనే వంతులేసేను. బేబీది మంగళవారం, జగన్నాధం పెళ్ళానిది గురువారం. ఎవురి మొక్కకి ఆళ్ళకే పెద్ద జబ్బనుకుంటన్నారు. ఒకళ్ళకొకళ్ళు సెప్పుకోరు, పరువు."

"నాకు ముందే చెబితే ఊరికే వెళ్ళేదాన్ని కదత్తా!"

"సెప్తే జాలిమొకం పెట్టుకుని ఎల్తావు. నిన్ను సూసి అది మళ్ళీ పొయ్యార్పీస్తాది. మందుకోసమనుకో, దర్జాగా ఎల్తావు. నిలబడి పేచీ పెడతావు." అన్నమ్మ కళ్ళజోడు దారం సవరించుకుంది. "నీ అంత బాగా పేచీ పెట్టినోళ్ళు లేరు. అందుకే నీకు రోజు మార్చి రోజు."

మర్నాడు ప్రిస్కిల్లా వంతు కాదు. అయినా డబ్బా పట్టుకుని వెళ్ళింది. జాలిమొహం రాకుండా దారిలో రెండుసార్లు మొహం సర్దుకుంది.

అంతవరకూ బాగానే ఉందిగానీ, చేట సంగతి మిగిలిపోయింది. నవంబరు ఆఖరి ఆదివారం కోతపండగ. శనివారం పొద్దున్న ప్రిస్కిల్లా కాయలు కోసింది. నిగనిగలాడుతున్నాయి. లెక్కపెడితే ముప్పై ఎనిమిది. చేటలో పోస్తే ఒక మూలకి పోయి దాక్కున్నాయి. శాంతికుమార్ చేట కొంచెం వంచి చూసి, "ఇలా పట్టుకుంటే ఎక్కువున్నట్టు కనబడతాయి" అన్నాడు. కుళాయి దగ్గర బేబీ ఇవాళ ఏమీ అడగలేదు. ఊరికే నవ్వింది. అది మరీ కష్టంగా ఉంది.

ఆ చేటతోనే ప్రిస్కిల్లా అసిరమ్మ ఇంటికి వెళ్ళి గడపలో కూలబడి అంతా చెప్పేసింది. సాక్ష్యం, దోసెడు, చేట, పాస్టరమ్మగారు, బేబీ నవ్వు.

అసిరమ్మ చేటలోకి తొంగిచూసింది. "ఇందుకా ఏడుస్తన్నావు? ఇటు రా."

వెనక గుమ్మంలోంచి పెరట్లోకి తీసుకెళ్ళింది. ఇన్నాళ్ళూ ప్రిస్కిల్లా ముందు గడపలోనే కూర్చుంది, వెనక్కి చూడలేదు. అక్కడ బూడిద పోసే చోట పక్కనే అయిదు మిరపమొక్కలు. నడుమెత్తు. ఆకులు అరచేతులంత. కాయలు ఆకాశంవైపు తిరిగి గుత్తులు గుత్తులుగా, కొన్ని పచ్చగా, కొన్ని ఎర్రగా.

"ఇవెవరేసేరు పిన్నీ?"

"ఎవురెయ్యాల? పులుసుకి పండుమిరపకాయలు నూరినప్పుడు గింజలు ఇటే ఇసిరేస్తను. సేపలు కడిగిన నీళ్ళు ఇటే పోస్తను. తొలకరి వానలకి లెగిసినాయి. మీ అందరూ పులుసనీ పప్పనీ వండించి సంపీసినారు కదా." అసిరమ్మ కొంగు దోపుకుని కాయలు కోయడం మొదలెట్టింది. కోస్తూ కోస్తూ మెల్లగా అంది: "బూడిదకి పప్పుదీ పులుసుదీ తేడా ఏటుంటాది పాపా? నాకు తెల్దనుకున్నావా?"

ప్రిస్కిల్లా చేట కింద పెట్టింది. "తెలిసే వండేవా?"

"మొదట్లో ఒళ్ళుమండేది. తరవాత్తరవాత… పన్నెండుమంది డబ్బాలట్టుకుని ఏటి వండేవు, ఏటి వండేవు అని అడుగుతుంటే, రేపొచ్చేదానికి ఏటి సెప్పాలా అని ఆలోసించేదాన్ని. ఆలోసిస్తే ఆకలేసేది." ఒక కాయ తుంపి చేటలో వేసింది. "మా అన్నమ్మొదినతో అనీకు. తానే తెలివైనదాన్ననుకుంటన్నాది. అనుకోనీ."

సరిగ్గా అప్పుడే వెనకగోడ అవతల సెలైను సీసా కంపు, దాని వెనకాల అన్నమ్మ. మొక్కల్ని చూసి నిలబడిపోయింది. ఊళ్ళో తన నాలిక ఎరగని మిరపమొక్కలు! పలకరించలేదు. గోడ సందులోంచి దూరి వచ్చి గొంతుక్కూచుంది. పాతాకు తిరగేసింది. కొత్తాకు తిరగేసింది. కాయ అడుగు నల్లబడిందేమో చూసింది. వేలితో మట్టి తీసి నాలిక మీద పెట్టుకుని కళ్ళు మూసుకుంది.

ఒక చప్పరింపు. రెండు. మూడు.

"ఏటొదినా? ఏటి తక్కువైనాది?" అంది అసిరమ్మ.

అన్నమ్మ కళ్ళు తెరిచి మొక్కల్ని చూడలేదు. చాలాసేపు అసిరమ్మ మొహం చూసింది. బుగ్గలు చూసింది. గోళ్ళు చూసింది.

"ఏటీ తక్కువ లేదు," అంది.

అని గుటక వేసింది. ఉమ్మడం మర్చిపోయింది.

ఇదీ ఆవిడ మట్టి మింగిన వైనం. ఆ టైములో గోడ మీంచి టైలరు స్టాన్లీ జాకెట్టు కొలతల కోసం తొంగిచూడకపోతే ఎవరికీ తెలిసేది కాదు. స్టాన్లీకి మిగతాదేమీ కనబడలేదు, గుటక ఒక్కటే కనబడింది. సాయంత్రానికి మిషను వీధి, రాత్రికి భోగాపురం.

ఆదివారం చేట నిండింది. ప్రిస్కిల్లా లేచి, "నా చెట్టువి ముప్పై ఎనిమిది. మిగతావి అసిరమ్మ పిన్ని పెరట్లోవి. పోయినసారి నేను కొంచెం ఎక్కువ చెప్పాను" అంది. అందరూ గట్టిగా స్తోత్రం అన్నారు, బేబీ అందరికంటే గట్టిగా. ప్రార్థనయ్యాక ప్రేమవిందుకి చేపలపులుసు అసిరమ్మ చేసింది. చర్చి వెనకాల మూడు రాళ్ళు పెట్టి, సరుగుడు కర్రలతో, రెండువందల మందికి. పొయ్యి ముందు నిలబడి, "ఒరే, ఆ గరిటి ఇలగియ్యండ్రా!" అని ఆవిడ కేకేస్తే గంట కొట్టే మనిషి ఉలిక్కిపడ్డాడు. ఆ రోజు బూడిద ఊరందరికీ సరిపోయింది. ఎవరూ పట్టుకెళ్ళలేదు.

ఇది జరిగి మూడేళ్ళయింది. అసిరమ్మ మళ్ళీ గంపెత్తింది. ప్రిస్కిల్లాకి ఇప్పుడు మూడు బకెట్లున్నాయి, తెలకపిండి తనే నానబెడుతుంది, ఆ కంపుకి శాంతికుమార్ వాకిట్లో పడుకోవడం మానేశాడు. అంతా బాగానే ఉంది. ఒక్క విషయమే ప్రిస్కిల్లాకి నచ్చడం లేదు. అన్నమ్మ పొద్దున్న సీసా పట్టుకుని బయల్దేరితే చీకటి పడేదాకా ఊరి మొక్కలన్నీ తిరుగుతోంది. ఎవరైనా తిన్నావా అంటే తిన్నాను అంటుంది. కానీ అందరి ఇళ్ళలో రెండు నెలలొచ్చే గ్యాసు సిలిండరు ఆవిడింట్లో ఏడో నెలలో పడింది. సిలిండరు మోసే కుర్రాడు పొదుపు అనుకున్నాడు. అసిరమ్మ, ప్రిస్కిల్లా అలా అనుకోలేదు.

అందుకని వాళ్ళిద్దరూ వంతులేశారు. సోమవారం అసిరమ్మది, మంగళవారం బేబీది. ఆదివారాలు ఖాళీగా ఉన్నాయి. మీరు ఆ దారిన వెళితే చర్చి పక్కసందులో మూడో ఇల్లు. మీ పెరటి మట్టి కొంచెం పొట్లం కట్టుకుని వెళ్ళండి, మొక్కకి జబ్బు లేకపోయినా ఉందని చెప్పండి. ఆవిడ రుచి చూస్తున్నంతసేపూ వంటింట్లోకి ఒకసారి తొంగిచూడండి. ఆ గిన్నెలు మరీ మెరిసిపోతూ బోర్లించి ఉన్నాయంటే, జాలిమొహం పెట్టకండి. గడపలో కదలకుండా కూర్చుని, పేచీ పెట్టి అడగండి:

"ఏటి వండేవు అన్నమ్మా ఇయ్యాల?"